వేలితో తుడిచిన సమాధులు

పోయిన వారం ఆరాధనని తహసీల్దారు ఆఫీసులో తల దించుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఆ పిల్ల అక్కడ ఎందుకు నిలబడిందో మరిచిపోయినవాళ్ళకి, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళకి ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. చెప్తూ చెప్తూ నాకు కోపం వస్తే ఏమీ అనుకోవద్దు. ఇది నెమ్మదిగా చెప్పే సంగతి కాదు.

చిలకలూరిపేట దాటాక హైవే దిగితే నల్లరేవుపాలెం. ఊరి పక్కన హంసధార స్పిన్నింగ్ మిల్లు, మిల్లు వెనక పత్తి చేలు, చేల అంచున క్రైస్తవుల సమాధుల తోట. తాతల నాటిది. దానికి కాగితాలు లేవు. చచ్చినవాళ్ళని పూడ్చుకోవడానికి ఎవరు కాగితం రాయించుకుంటారు? మొన్న సంక్రాంతి ముందు మిల్లు వాళ్ళు 'ప్రకృతి ఒడిలో పరిశ్రమ' అని ఫోన్ ఫొటోల పోటీ ఒకటి పెట్టారు. పేటలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే మన ఆరాధన, పొద్దున్నే మంచులో మిల్లు గోడనీ, దాని మీద వరసగా వాలిన కొంగల్నీ, ముందు విచ్చుకున్న పత్తి చేనునీ ఫొటో తీసి పంపింది. మొదటి బహుమతి వచ్చింది. కొత్త ఫోన్ చేతిలో పెట్టి శాలువా కప్పారు. ఆ ఫొటోని పెద్ద ఫ్లెక్సీ చేసి గేటు దగ్గర కట్టారు. నెల తిరక్కుండానే పొక్లెయిన్ తెచ్చి సమాధులన్నీ చదును చేసి పారేశారు. ఊరు గొడవకి దిగింది, విచారణ మొదలైంది. ఆ విచారణలో మిల్లు లాయరు ఆరాధన ఫొటోనే తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మేం తీసింది కాదండీ, ఈ ఊరి అమ్మాయే తీసింది. వీళ్ళు చెప్పే సమాధులు ఇందులో ఎక్కడున్నాయో చూపించమనండి," అన్నాడు.

అందులో లేవు. పోటీకి పంపే ముందు ఆ సిలువలన్నిటినీ ఆరాధనే ఫోన్‌లో వేలితో తుడిచేసింది. ఆ మాట ఆఫీసులో ఆమె నోటి వెంట రాలేదు. విచారణ రేపటికి వాయిదా పడింది.

ఆటో దిగి వీధిలోకి నడుస్తుంటే ఒక్కరూ పలకరించలేదు. బహుమతి వచ్చిన రోజు ఇదే వీధి అరుగుల మీద నుంచి లేచి నిలబడింది. 'మా పిల్ల' అని భుజం తట్టినవాళ్ళు ఇవాళ తలుపులు వేసుకోలేదు గానీ మొహాలు తిప్పుకున్నారు. ప్రార్థన గుడి మీది మైకులోంచి ఆరాధన తండ్రి నతానియేలు గొంతు ఊరంతా మోగుతోంది. సంఘ పెద్ద ఆయన. సమాధుల కోసం ఊరిని లేపింది, అర్జీ పెట్టించింది, రేపటికి ట్రాక్టర్లు మాట్లాడింది అన్నీ ఆయనే.

"మన పెద్దల ఎముకల మీద పొక్లెయిన్ తోలారు! రేపు ప్రతి ఇంటి నుంచీ ఒక్కరన్నా రావాలి! పనికి పోవాలి అన్నవాడు రేపు తన తల్లి సమాధి ఎక్కడని అడక్కూడదు!"

ఇంటి ముందు మెట్టు మీద ఎలీసమ్మ కూర్చుని ఉంది.

ఎలీసమ్మ నతానియేలుకి అక్క, ఆరాధనకి మేనత్త. మిరప కల్లంలో కాయలు తిరగేసే పని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది. చీర అంచు ఎర్రగా ఉంది. ఘాటుకి మండే చేతుల్ని మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంది.

"అత్తా, లోపలికి రా. మంచినీళ్ళు ఇస్తా."

"నీ నీళ్ళు నాకొద్దు. లోపలికీ రాను. ఇక్కడే అడుగుతా, నలుగురూ వినాలి," అంది ఎలీసమ్మ. "ఆ బొమ్మ తీసినప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు?"

"కాలవ గట్టు మీద."

"గట్టు మీద నుంచి మిల్లు వైపు చూస్తే ముందు ఏం కనపడుద్ది?"

"పత్తి చేను."

"చేనుకీ గోడకీ మధ్య ఏం కనపడుద్దే?"

 పక్కింటి వాకిట్లో బట్టలు ఉతికే చప్పుడు ఆగింది.

"నోరు పెగలదా? నేను చెప్తా. మీ తాత కనపడతాడు. మీ నాయనమ్మ కనపడుద్ది. నా మొగుడు కనపడతాడు. తుమ్మచెట్టు మొదట్లో నా హెలెన్ కనపడుద్ది. ఆ గట్టు మీద నిలబడిన గుడ్డోడికి కూడా కనపడతారే! నీ బొమ్మలో ఏమయ్యారు వీళ్ళంతా?"

హెలెన్ పేరు ఆ వీధిలో ఎవరూ గట్టిగా అనరు. ఎలీసమ్మకి ఒక్కతే కూతురు, ఆరాధనకి ఈడుజోడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఇంటరు పరీక్షలయ్యాక సెలవుల్లో మిరప కోతకి వెళ్ళి, తోటలో పాము కరిచి పోయింది. ఎలీసమ్మ కూతురి చేతి గాజుల్ని పగలగొట్టి, సిమెంటు సిలువ పచ్చిగా ఉండగానే ఆకుపచ్చ ముక్కల్ని దాని మీద గుచ్చింది. వాటిలో కొన్ని ఆరాధన తన చేత్తో గుచ్చింది. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా సమాధులకి సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడుకుంటూ పొద్దు పొడిచేదాకా కూర్చుంటారు. అన్ని సిలువలూ తెల్లగా ఉంటే, కొవ్వొత్తి వెలుగులో ఆ ఒక్క సిలువ మాత్రం ఆకుపచ్చగా మెరిసేది. ఈ ఏడు ఈస్టరు దగ్గర పడింది. సున్నం కొట్టడానికి సిలువ లేదు, కూర్చోవడానికి చోటూ లేదు.

"నేనే తుడిచేశాను అత్తా," అంది ఆరాధన.

"తుడవడమేంది?"

"ఫోన్‌లో... అడ్డంగా ఉన్నవి తీసెయ్యొచ్చు."

ఎలీసమ్మకి అర్థం కాలేదు. ఆవిడకనే కాదు, ఆ వీధిలో చాలామందికి అర్థం కాలేదు. ఆరాధన బహుమతిగా వచ్చిన కొత్త ఫోన్ తీసి, వాకిట్లో కుళాయి దగ్గర ఉన్న నీలం బకెట్‌ని ఫొటో తీసింది. అత్త పక్కన మెట్టు మీద కూర్చుని, బకెట్ చుట్టూ వేలితో సున్నా చుట్టింది. ఫోన్ ఒక్క క్షణం ఆలోచించింది. బకెట్ పోయింది. కుళాయి, తడి నేల, గోడ ఉన్నాయి. బకెట్ ఉన్న చోట కూడా తడి నేలే ఉంది.

ఎలీసమ్మ తల ఎత్తి కుళాయి వైపు చూసింది. "అక్కడే ఉందిగా బకెట్!"

"అక్కడ ఉంటుంది. ఫొటోలో ఉండదు."

ఆవిడ మళ్ళీ ఫోన్ చూసింది, మళ్ళీ బకెట్ చూసింది. మొహంలోకి రక్తం రావడం ఆరాధనకి కనిపించింది.

"ఇట్టా తుడిచావా నా బిడ్డని?"

"అత్తా, నేను కావాలని... ఫ్రేమ్ నీట్‌గా ఉండాలని..."

"నీటా?"

ఆ ఒక్క మాటకి వీధి వీధంతా ఉలిక్కిపడింది.

ఇక్కడ ఆరాధన తరఫున ఒక మాట చెప్పాలి, తర్వాత ఆమెను మీరే తిట్టుకోండి. ఆ పిల్లకి నిజంగా కన్నుంది. మిరప తోటల మధ్య నిలబడ్డ హై టెన్షన్ టవర్లు, కాలవ తూము రెక్కల్ని అల్లుకున్న గుర్రపుడెక్క, మూతపడ్డ జిన్నింగు మిల్లు రేకుల మీదికి పాకిన గుమ్మడి తీగ, పొగ గొట్టం ఇటుకల్లోంచి మొలిచిన రావి మొక్క... మనిషి కట్టినదాన్ని మట్టి మళ్ళీ పట్టుకునే చోటు ఎక్కడున్నా ఆమె ఆటో ఆపించి దిగేది. చున్నీ అంచుతో లెన్సు తుడిచి, ఫోన్ తలకిందులు చేసి నేలకి ఆనించి, తెర మీది గీతలకి గోడ అంచు సరిపోయేదాకా ఊపిరి బిగబట్టి నొక్కేది. ఆమె ఫొటోలు చూశాకే మాకూ మా ఊరు చూడ్డం తెలిసిందని బడిలో తోటి టీచర్లు అనేవారు. కానీ పోటీలు, లైకులు మొదలయ్యాక ఆమె నోట ఒక మాట వచ్చి చేరింది. 'అడ్డు.' కరెంటు తీగ అడ్డు. చెత్తకుండీ అడ్డు. పత్తి ఏరే ఆడవాళ్ళ సద్ది గిన్నెలు అడ్డు. ఒకదాన్ని తుడిస్తే ఫొటో బాగుంది, రెండోదాన్ని తుడిస్తే ఇంకా బాగుంది. చివరికి ఒకప్పుడు తనే గాజుముక్కలు గుచ్చిన చోటు కూడా అడ్డయింది. ఇంత చదువుకుని, ఆ వేలు ఎక్కడ ఆపాలో ఆ పిల్లకి తెలియలేదు. అదీ నా కోపం.

"నీటుగా ఉండాలా నీకు? మేం చెత్తా?" ఎలీసమ్మ లేచి నిలబడింది. "కూలికెళ్ళి, సిమెంటు మూట నెత్తిన పెట్టుకొచ్చి, నా చేత్తో పోసిన సిలువే అది! మిల్లోడు పొక్లెయిన్‌తో తుడిచాడని వాణ్ణి శాపనార్థాలు పెడతన్నా ఇన్నాళ్ళూ. నువ్వు వేలితో తుడిచావు. ముందు తుడిచింది నువ్వే! వాడు నిన్ను చూసి నేర్చుకున్నాడే!"

ఆరాధనకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. ఒళ్ళంతా వేడెక్కి, ఎవరినైనా కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం ముందు తన మీదే. తర్వాత, శాలువా కప్పుతూ 'ఇంత శుభ్రమైన ఫొటో మేం చూడలేదమ్మా' అని నవ్విన మేనేజరు మీదికి మళ్ళింది. శుభ్రం అన్న మాట ఆయన ఎందుకు వాడాడో ఇప్పుడు అర్థమైంది. అక్కడ ఏముందో ఆయనకి తెలుసు, ఏం పోయిందో కూడా చూశాడు. చూసే బహుమతి ఇచ్చాడు.

వీధిలోనే నిలబడి మేనేజరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు స్పీకర్ పెట్టింది.

"సార్, ఆ ఫొటోలో నేను మార్పులు చేశాను. సమాధుల్ని తుడిచేశాను. రేపు ఆఫీసరు గారి ముందు అదే చెప్తాను."

"అయ్యో ఆరాధన గారూ, మీరు టీచరమ్మ కదండీ," అన్నాడాయన, పిల్లని బుజ్జగిస్తున్నట్టు. "ఫొటోలో ఏ మార్పూ చేయలేదని ఒప్పుకునే కదా పోటీకి పంపారు? ఇప్పుడు చేశానంటే అబద్ధం ఆడింది ఎవరవుతారు? మీ బడి కరస్పాండెంటు గారు మాకు బాగా కావలసినవారు. ఆయన వింటే ఏమనుకుంటారు చెప్పండి."

"ఏమన్నా అనుకోనివ్వండి. అక్కడ సమాధులు ఉన్నాయి. మీకూ తెలుసు."

"తెలిసినా తెలియకపోయినా మన మాటలు ఎవరు చూస్తారమ్మా? ఫొటో చూస్తారు. అసలు ఫొటో మీ దగ్గరుంటే తెచ్చి చూపించండి. లేదా, ఈ ఎండలో ఎందుకు, ఇంటి పట్టున ఉండండి."

పెట్టేశాడు. వీధిలో ఎవరో గట్టిగా ఒక బూతు మాట అన్నారు. పత్రికలో రాయలేను గానీ సరిగ్గా సరిపోయిన మాట అది.

అసలు ఫొటో! తుడిచింది ఈ కొత్త ఫోన్‌లో కాదు. పాతదానిలో. ఆరాధన వెంటనే పేటలో సెల్ షాపు నడిపే కౌసర్‌కి చేసింది. ఇద్దరూ డిగ్రీలో స్నేహితులు.

"పాత ఫోన్ ఎవరికన్నా అమ్మేశావా?" అంది కౌసర్.

"లేదే, నాన్నకిచ్చా."

"ఇచ్చే ముందు లోపలున్నవన్నీ చెరిపేశావా?"

"అట్టాగే ఇచ్చేశా. ఆయనకి ఫోన్ మాట్లాడ్డం తప్ప ఇంకేం రాదు."

"అయితే బతికావు పో. ఫొటో తెరువు, ఎడిట్‌లోకి వెళ్ళు, వెనక్కి తిప్పే గుర్తుంటది, నొక్కు. ఆ ఫోన్లో నువ్వెంత తుడిచినా అసలుది లోపలే పడుంటది. తుడిచానని మనమే అనుకుంటాం."

పాత ఫోన్‌కి బ్యాటరీ దిగిపోయింది. మధ్యాహ్నానికల్లా చచ్చి ఊరుకుంటుంది. అందుకే నతానియేలు గుడికి వెళ్ళేటప్పుడు దాన్ని కిటికీ దగ్గర ఛార్జింగ్ పెట్టి వెళ్ళాడు. ఆరాధన చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తి, వైరు లాగి, ఫోన్ పట్టుకుని వచ్చి మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. ఎలీసమ్మ కూడా కూర్చుంది. ఇద్దరి మధ్యా జానెడు ఎడం ఉంది.

మైకులో నతానియేలు గొంతు ఇంకా మోగుతూనే ఉంది. "మనలో ఎవడన్నా మిల్లోడి చెయ్యి పట్టుకున్నాడని తెలిస్తే వాడికి ఈ గుడిలో చోటు లేదు!"

ఆ ఫొటో దొరికింది. మంచు, గోడ, కొంగలు, పత్తి. ఇదే ఫ్లెక్సీ మీద ఉన్నది, ఇదే తహసీల్దారు బల్ల మీద ఉన్నది. ఆరాధన కౌసర్ చెప్పినట్టు నొక్కింది. చిన్న చక్రం తిరిగింది.

గోడ కింద, ఖాళీ మట్టి ఉన్నచోట, సిలువలు లేచి నిలబడ్డాయి.

ఎలీసమ్మ మండే చేతిని చీరకి తుడుచుకుని, వేలు తెరకి తగలకుండా పైనే ఆపి ఒక్కొక్కదాన్నీ చూపించింది. "ఇది మీ తాత. ఈ చెయ్యి విరిగింది మీ నాయనమ్మది. ఇది అంకయ్య మామది. ఇదిగో, ఇదిగో నా మొగుడు."  పోయినవాళ్ళు వీధి చివర ఎదురైనట్టు ఆవిడ ఒక్కొక్కరినీ పేరుతో పిలుస్తుంటే, ఆరాధనకి ఇంతసేపూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"రేపు వాడి మొహాన కొడదాం అత్తా. ఒక్కటి కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి."

"అన్నీ లేవు," అంది ఎలీసమ్మ.

"ఏంటి?"

"నా హెలెన్‌దేది?"

ఆరాధన తుమ్మచెట్టు వెతికింది. చెట్టు ఉంది. చెట్టు మొదట్లో మట్టి దిబ్బ ఉంది. దిబ్బ తల దగ్గర ఏమీ లేదు.

"మంచులో కనపడట్లేదేమో."

"మిగతావన్నీ కనపడతన్నాయిగా. పెద్దది చెయ్యి."

రెండు వేళ్ళతో పెద్దది చేసింది. దిబ్బ పక్కన మట్టి తవ్విన గుర్తు, కొత్తగా, నల్లగా ఉంది. దానికి కాస్త అవతల ఒక మోటారు సైకిలు. దాని పక్కన ఒక మనిషి, ఇటు వీపు పెట్టి ఉన్నాడు. ఆరాధనకి గుర్తొచ్చింది. సిలువలు తుడిచాక గోడ పక్కన ఇంకా ఒక మచ్చ మిగిలిందని, ఎవరో దారిన పోయే మనిషిలే అనుకుని దాని చుట్టూ కూడా సున్నా చుట్టింది. పెద్దది చేసి చూడలేదు. ఆ రోజు ఆమె కళ్ళు కొంగల మీదే ఉన్నాయి.

ఇప్పుడు పెద్దది చేసింది. బండి వెనక గోనె సంచి కట్టి ఉంది. సంచిలోంచి సిమెంటు సిలువ చెయ్యి ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. మనిషి చేతిలో గునపం ఉంది. చొక్కా పైన, నడుం చుట్టూ, వెడల్పుగా తెల్లటి బెల్టు ఉంది.

పత్తి బేళ్ళు ఎత్తుతూ లారీ మీద నుంచి పడ్డప్పటి నుంచి నతానియేలు నడుముకి బెల్టు లేకుండా బయటికి రాడు. చలికాలంలో చొక్కా మీదే కట్టుకుంటాడు. పిల్లలు నవ్వినా మానడు. ఆ బెల్టుతో ఊళ్ళో ఇంకొక మనిషి లేడు. ఆ పొద్దున ఆయన నల్లపాడులో చుట్టాలింట ప్రార్థన ఉందని చీకటితోనే బయల్దేరి వెళ్ళాడు. ఆరాధనే టీ పెట్టి ఇచ్చింది.

కన్నతండ్రిని కూడా ఆనవాలు పట్టకుండా వేలితో తుడిచేసి, ఆ పని బాగా చేసినందుకు బహుమతి తెచ్చుకుని, ఆ ఫొటో ఉన్న ఫోన్‌నే మళ్ళీ ఆయన జేబులో పెట్టింది.

"నతానేలు," అంది ఎలీసమ్మ చాలా నెమ్మదిగా. ఇంతసేపూ అరిచిన మనిషి గొంతు ఇంత చిన్నది కావడంతో ఆరాధనకి భయమేసింది. "నా తమ్ముడు. పొక్లెయిన్ రాకముందే. నెల ముందే. కోతల్లో పడి ఆ నెలంతా నేనే అటు పోలేదు."

వాళ్ళిద్దరి వెనక నిలబడి తొంగి చూస్తున్న పక్కింటి ఆవిడ మెల్లిగా వెనక్కి తగ్గి వాకిట్లోకి పోయింది.

"నిన్నగాక మొన్న నాతో పాటు ఆ చదును నేల మీద మోకాళ్ళేసి ఏడ్చాడే," అంది ఎలీసమ్మ. "నా తల నిమిరాడు. 'సిలువ కూడా మిగల్లేదక్కా, పిండి చేశారు' అన్నాడు."

 రేపు ఈ ఫొటో పెడితే సమాధులు ఉన్నాయని రుజువవుతుంది. అదే ఫొటోలో, అదే గోడ పక్కన, సంఘ పెద్ద గునపం పట్టుకుని ఉంటాడు. మిల్లు లాయరు దాన్ని వదులుతాడా? తండ్రిని సంఘం వదులుతుందా? మైకులో ఆయన చెప్పిన మాట ఆయన మెడకే చుట్టుకుంటుంది.

"రేపు ఈ బొమ్మ ఆఫీసరు ముందు పెడతావా?" అడిగింది ఎలీసమ్మ.

"పెడతాను."

"అందులో మీ నాయన ఉన్నాడు."

ఆరాధన ఫోన్ వైపు చూసింది. అలవాటు ఎంత పాడుదో చూడండి. ఆ క్షణంలో కూడా ఆమె వేలు ఆ బెల్టు మచ్చ పక్కనే ఆగింది. ఒక్క సున్నా చుడితే చాలు. సిలువలు ఉంటాయి, మనిషి పోతాడు.

"ఆ ఒక్కటీ... తుడవమంటావా అత్తా?"

"ముట్టుకున్నావంటే వేలు విరుస్తా," అంది ఎలీసమ్మ.

మైకు ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. వీధి మొదట్లో నతానియేలు వస్తూ కనిపించాడు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో బైబిలు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అరుగుల మీది వాళ్ళు ఆయనకి లేచి నిలబడ్డారు.

"నా ఫోన్ ఛార్జింగ్ ఎక్కిందా అమ్మా?" అంటూనే అక్కని చూశాడు. "ఇక్కడే ఉన్నావా అక్కా? మంచిదైంది. రేపు నువ్వే ముందు నిలబడాలి. హెలెన్ గురించి నీ నోటితో నువ్వే చెప్పాలి. నువ్వు చెప్తే రాయి కూడా కరుగుద్ది."

"చెప్తాలేరా," అంది ఎలీసమ్మ. లేవలేదు. "ముందు నువ్వొక మాట చెప్పు. నా బిడ్డ సిలువ ఎక్కడ పెట్టావు?"

ఏ సిలువ అని నతానియేలు అడగలేదు.

ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఆయన చూపు ఇంటి పక్కకి వెళ్ళింది. అక్కడ గోడకి చేరవేసి, మొన్న పీకిన పత్తి కట్టె మోపులు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. చూపు వెంటనే వెనక్కి వచ్చింది గానీ ఎలీసమ్మ చూడనే చూసింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, తమ్ముడి పక్క నుంచే నడిచి వెళ్ళి, మొదటి మోపు పట్టుకుని లాగి వీధిలోకి విసిరింది.

"అక్కా, ఆగు! చెప్పేది విను!" నతానియేలు ఉరికి ఆవిడకీ మోపులకీ మధ్య నిలబడ్డాడు. బైబిలు చేతిలోంచి జారి మట్టిలో పడింది. ఆయన చూసుకోలేదు. "దాన్ని కాపాడ్డానికే తీశానక్కా! దేవుడి మీద ఒట్టు! మన హెలెన్‌దన్నా మిగలాలని తీశా!"

"కాపాడ్డానికా?" ఎలీసమ్మ రెండు చేతులతో తమ్ముడి చొక్కా పట్టుకుంది. మిరప ఘాటు ఆయన మొహానికి తగిలి కళ్ళు మూసుకున్నాడు. "అంటే మిగతావన్నీ పోతాయని నీకు ముందే తెలుసు! అమ్మా నాన్నా పోతారని తెలుసు, నా మొగుడు పోతాడని తెలుసు! తెలుసా లేదా? చెప్పరా! ఎవరు చెప్పారు నీకు? దానికి నువ్వేమని ఒప్పుకున్నావు?"

నతానియేలు చేతులు చాపి మోపులకి అడ్డంగా అట్లాగే నిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఘాటుకో దేనికో. ఒక్క సిలువ దాచిన మనిషి అంత భయపడడు. ఆ కట్టెల వెనక ఇంకా ఏదో ఉంది.

అప్పుడాయన ఆరాధనని చూశాడు. ఆమె మెట్టు దిగి వచ్చి, పాత ఫోన్‌ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉంది. తెరలో తండ్రి, మేనత్త, పత్తి కట్టెలు, మట్టిలో బైబిలు, కుళాయి దగ్గర నీలం బకెట్, అరుగుల మీంచి లేచి వస్తున్న ఊరు అన్నీ కనిపిస్తున్నాయి. గోడ వంకరగా ఉంది. ఆమె సరిచేయలేదు. నొక్కింది.

"ఫోన్ దించు ఆరాధనా," అన్నాడు నతానియేలు. "నేను మీ నాన్ననే."

"తెలుసు నాన్నా. ఇప్పుడు బాగా కనపడుతున్నావు," అంది ఆరాధన. "పక్కకి జరుగు. అత్తకి అడ్డం."